జర్మనీ స్పౌస్ వీసా: పాస్‌పోర్టులో ఒక పేరు, పెళ్ళి సర్టిఫికెట్‌లో ఇంకో పేరు. ఏం చేయమంటారు?

శ్రావణి_జి
అందరికీ నమస్తే. కొత్తగా చేరాను, తప్పు సెక్షన్‌లో పెట్టి ఉంటే మోడరేటర్ గారు మార్చేయండి.

మా పెళ్ళయి అయిదు నెలలు. మా ఆయనకి స్టుట్‌గార్ట్ దగ్గర ఒక చిన్న ఊళ్ళో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, బ్లూ కార్డ్ (డిగ్రీ, మంచి జీతం ఉన్న విదేశీ ఉద్యోగులకి ఇచ్చే పర్మిట్) ఉంది. పెళ్ళికి మూడు వారాల సెలవు మీద వచ్చి, వ్రతం అయిన నాలుగో రోజు విమానం ఎక్కేశారు. ఇప్పుడు నేను ఫ్యామిలీ రీయూనియన్ వీసాకి అప్లై చేయాలి. అన్నీ ఒక ఫైల్లో సర్దుకుని కూర్చుంటే అప్పుడు కనపడింది అసలు సంగతి.

టెన్త్ మెమోలో నా పేరు జి. వెంకట నాగ సాయి శ్రావణి. పాస్‌పోర్టులో సర్‌నేమ్ దగ్గర గొల్లపూడి, గివెన్ నేమ్ దగ్గర మిగతా అంతా. ఇంతవరకూ బాగానే ఉంది. పెళ్ళి సర్టిఫికెట్‌లో మాత్రం "వంకాయలపాటి సాయి శ్రావణి" అని ఉంది!! రిజిస్ట్రేషన్ అప్లికేషన్ నెట్ సెంటర్‌లో పెట్టించాం, ఆ అబ్బాయి శుభలేఖ చూసి "చి.ల.సౌ. సాయి శ్రావణి" అని ఉన్నది తీసుకుని, దానికి మా ఆయన ఇంటిపేరు తగిలించి కొట్టేశాడు. సంతకం పెట్టే రోజు ముగ్గురు సాక్షుల్ని పోగేసే హడావుడిలో ఎవరం చదవలేదు. పైగా మా నాన్న పేరు పాస్‌పోర్టులో సుబ్బారావు అని ఒకే మాట, సర్టిఫికెట్‌లో సుబ్బా, రావు విడివిడిగా ఉన్నాయి.

మా అత్తగారేమో "ఎలాగూ మా ఇంటిపేరే కదమ్మా, పాస్‌పోర్టే మార్పించెయ్" అంటున్నారు. మా నాన్నకి అది ఇష్టం లేదు. నాకు ఇష్టాయిష్టాల సంగతి తర్వాత, ముందు వీసా రావాలి. ఏది మార్చాలి? ఎవరికైనా ఇలా అయిందా?

రాజమండ్రి_రవి
సింపుల్. ఏజెంట్‌కి ఇచ్చేయండి, వాళ్ళే చూసుకుంటారు. నా ఫ్రెండ్‌కి అలాగే అయింది.

హనుమకొండ_అమ్మాయి
రవి బ్రో, ఏజెంట్ ఏం చూసుకుంటాడు, పేరు మార్చేది ఏజెంటా? శ్రావణీ, నేను 2023లో వచ్చాను స్పౌస్ వీసా మీద. నాకూ టెన్త్ మెమోలో ఇనీషియల్ మాత్రమే ఉండేది, డిగ్రీలో ఇంటిపేరు చివర, పాస్‌పోర్టులో ముందు. వీటికి ఎవరూ ఏమీ అనలేదు. ఒక పేజీ కవరింగ్ లెటర్ రాశాను, "మా దగ్గర ఇంటిపేరు ముందు రాస్తాం, కొన్ని కాగితాల్లో అది పొట్టి అక్షరంగా ఉంటుంది, అన్నీ నేనే" అని, నోటరీ దగ్గర స్టాంపు పేపరు మీద అదే సంగతి అఫిడవిట్ చేయించి పెట్టాను. కానీ నీది ఇనీషియల్ తేడా కాదు, ఏకంగా ఇంకో ఇంటిపేరు. అది కవరింగ్ లెటర్‌తో పోతుందని నేను చెప్పలేను.

మ్యూనిక్ మామయ్య గారు రావాలి ఇక్కడికి.

మ్యూనిక్_మామ
వచ్చాను. ఆదివారం మధ్యాహ్నం, బయట వాన, వంటింట్లో పప్పు ఉడుకుతోంది, కాబట్టి తీరిగ్గానే రాస్తా.

అమ్మాయ్, ఫైలు చూసే ఆఫీసరుకి నీ ఇంటిపేరు ఏదైతే ఏంటి? ఆయన తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఈ పాస్‌పోర్టులో ఉన్న మనిషీ, ఆ పెళ్ళి సర్టిఫికెట్‌లో ఉన్న పెళ్ళికూతురూ ఒకరేనా కాదా. దానికి చూసేవి పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు. నీ కేసులో ఆ సర్టిఫికెట్ ప్రకారం మీ ఆయన పెళ్ళి చేసుకున్నది వంకాయలపాటి సాయి శ్రావణిని. ఆ పేరుతో పాస్‌పోర్టు ఉన్న మనిషి లోకంలో లేదు. అదీ చిక్కు.

ఇప్పుడు ఏది మార్చాలి అంటే, తప్పు ఎక్కడుందో అది. పాస్‌పోర్టులో తప్పు లేదు. ఒక నెట్ సెంటర్ కుర్రాడి పొరపాటుకి సరిపోయేలా పాస్‌పోర్టు మార్చుకుంటే, ఆ తర్వాత ఆధార్, పాన్, బ్యాంకు, డిగ్రీ పట్టా అన్నీ దాని వెనకాల పరిగెత్తాలి. రేపు ఇక్కడ ఉద్యోగం వెతుక్కునేటప్పుడు డిగ్రీ ఒక పేరు, పాస్‌పోర్టు ఇంకో పేరు అయి మళ్ళీ ఇదే కథ. పెళ్ళి రిజిస్టర్ అయిన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకే వెళ్ళి, టెన్త్ మెమో, పాస్‌పోర్టు, ఆధార్ చూపించి, సవరణకి అర్జీ పెట్టండి. మీ ఆయన ఊళ్ళో లేరు కాబట్టి ఆయన సంతకం ఎలా తీసుకుంటారో ముందే అడిగి వెళ్ళండి, లేకపోతే రెండు సార్లు తిరగాలి. సుబ్బా, రావు మధ్య ఖాళీ గురించి మాత్రం నిద్ర పాడుచేసుకోవద్దు. ఎలాగూ సవరణకి వెళ్తున్నారు కాబట్టి అదే చేత్తో అదీ కలిపించమను, అంతే.

మీ అత్తగారికి ఒక మాట చెప్పు. వీసా ఫారంలో ఇంటిపేరుకి ఒక గడి, పుట్టినప్పటి ఇంటిపేరుకి ఇంకో గడి ఉంటాయి. భార్యాభర్తలకి ఒకే ఇంటిపేరు ఉండాలని ఎక్కడా లేదు. మా ఆవిడ పన్నెండేళ్ళుగా ఇక్కడ వాళ్ళ పుట్టింటి పేరుతోనే ఉంది, ఇంకా నన్ను వదిలి వెళ్ళలేదు.

శ్రావణి_జి
మామయ్య గారూ 🙏 చదువుతుంటే సగం టెన్షన్ పోయింది. ఇంకో మూడు డౌట్లు. ఒకటి, పాస్‌పోర్టులో భర్త పేరు ఎక్కించుకోవాలా? రెండు, సర్టిఫికెట్‌కి అపోస్టిల్ (మన కాగితం విదేశాల్లో చెల్లేలా ప్రభుత్వం వేసే ముద్ర) కావాలని ఒకాయన చెప్తున్నాడు, మొత్తం తొమ్మిది వేలు అడుగుతున్నాడు. మూడు, జర్మన్ భాషలో మొదటి మెట్టు, ఏ1 పరీక్ష రాయాలా? బ్లూ కార్డ్ వాళ్ళకి అక్కర్లేదని మా ఆయన అంటారు, మా కజిన్ భార్య మాత్రం రాసిందట.

హనుమకొండ_అమ్మాయి
భర్త పేరు నేను ఎక్కించుకోలేదు, నన్నెవరూ అడగలేదు. ఏ1 బ్లూ కార్డ్ భార్యలకి అక్కర్లేదు, మీ ఆయన కరెక్ట్. మీ కజిన్ వాళ్ళాయన అప్పట్లో వేరే పర్మిట్ మీద ఉండి ఉంటారు.

లలిత_డ్యూసెల్
ఏ1 అనగానే నా చెయ్యి ఆగలేదు, రాసేస్తున్నా. నేను 2019లో రాశాను, అప్పుడు మావారికి బ్లూ కార్డ్ లేదు, మామూలు వర్క్ పర్మిట్. హైదరాబాద్ గోథే సెంటర్‌లో క్లాసులు. వినడం, చదవడం, రాయడం బాగానే లాగించాను, వందకి అరవై వస్తే పాస్. ఇక మాట్లాడే పరీక్షలో నీ గురించి చెప్పుకోవాలి, పేరు, వయసు, దేశం, ఊరు, భాషలు, పని, హాబీ, ఏడు ముక్కలు. నెల రోజులు అద్దం ముందు బట్టీ పట్టాను. అంతా గడగడా చెప్పేశాక ఆవిడ నవ్వుతూ "మీ ఇంటిపేరు ఒక్కో అక్షరం చెప్పండి" అంది. నా ఇంటిపేరు జొన్నలగడ్డ! జర్మన్‌లో జె అంటే యోట్. "యోట్, ఓ, డోపెల్ ఎన్, ఆ, ఎల్, ఆ, గే, ఆ, డోపెల్ డే, ఆ" అని చెప్పేసరికి నాకు చెమటలు. అక్షరం రెండు సార్లు వస్తే డోపెల్ అనాలని మా టీచరు చెప్పింది, అది గుర్తుండటం వల్ల బతికిపోయాను.

ఇక్కడికి వచ్చాక డాక్టర్ దగ్గర నన్ను "ఫ్రావ్ (అంటే శ్రీమతి) యొన్నలగడ్డ" అని పిలుస్తారు. మొదటి సారి ఎవరినో అనుకుని కూర్చుండిపోయాను, నా వంతు దాటిపోయింది. శ్రావణీ, వాళ్ళకి వి అంటే ఫ, కాబట్టి మీ ఆయన ఇప్పటికే ఫంకాయలపాటి అయిపోయి ఉంటారు 😀 అక్కర్లేకపోయినా ఏ1 వరకు నేర్చుకో తల్లీ. బేకరీలో పనికొస్తుంది.

మ్యూనిక్_మామ
అపోస్టిల్ సంగతి. మన దేశం 2005లో హేగ్ అపోస్టిల్ ఒప్పందంలో చేరింది, నిజమే. కానీ మన చేరికకి జర్మనీ అభ్యంతరం చెప్పింది, అందుకని ఆ రెండు దేశాల మధ్య ఆ ఒప్పందం నడవదు. వాళ్ళకి నిజంగా అనుమానం వస్తే మన దగ్గర ఉన్న తమ లాయర్ల ద్వారా ఆ సర్టిఫికెట్ అసలుదేనా అని విచారిస్తారు, దానికి డబ్బూ టైమూ వేరే. కాబట్టి ఎవరో తొమ్మిది వేలు అన్నాడని ఇచ్చేయకు. చెన్నై కాన్సులేట్ సైట్లో నీ వీసాకి చెక్‌లిస్ట్ ఉంటుంది, మన రెండు రాష్ట్రాలూ దాని పరిధిలోకే వస్తాయి. అందులో రాసి ఉన్నది పెట్టు, లేనిది పెట్టకు. ఆ సవరణ మాత్రం మానొద్దు.

అన్నపూర్ణమ్మ_టీచర్
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నేను రిటైర్డ్ టీచర్ని. మా అబ్బాయి 2021 నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్నాడు. తల్లిదండ్రులను కూడా అక్కడ ఉంచుకోవచ్చని కొత్త చట్టం వచ్చిందని విన్నాను. మాకు వర్తిస్తుందా?

మ్యూనిక్_మామ
అమ్మా, చట్టం వచ్చిన మాట నిజమే. కాకపోతే నైపుణ్య ఉద్యోగాల పర్మిట్ మొదటిసారి 2024 మార్చి 1 నాడు గానీ ఆ తర్వాత గానీ తీసుకున్నవాళ్ళ తల్లిదండ్రులకే అది. మీ అబ్బాయి 2021లోనే తీసుకున్నాడు కాబట్టి దానికిందకి రారు. వర్తించేవాళ్ళకి కూడా అసలు మెలిక హెల్త్ ఇన్సూరెన్స్ దగ్గర పడుతోంది, పెద్ద వయసులో వచ్చేవాళ్ళని ప్రభుత్వ ఇన్సూరెన్స్‌లో చేర్చుకోరు, ప్రైవేటు వాళ్ళు నెలకి చెప్పే రేటు వింటే కళ్ళు తిరుగుతాయి. విజిట్ వీసా మీద 180 రోజుల్లో 90 రోజులు ఉండొచ్చు. ఏప్రిల్, మే ఇక్కడ గడపండి, మన ఎండలు తప్పుతాయి.

అన్నపూర్ణమ్మ_టీచర్
మామిడికాయల సీజన్‌లో రమ్మంటారేమిటి బాబూ. ఆవకాయ ఎవరు పెడతారు? సరే, ధన్యవాదాలు.

శ్రావణి_జి (మూడు వారాల తర్వాత)
అప్‌డేట్. సర్టిఫికెట్ సవరణ అయింది!! నాలుగు సార్లు తిరిగాను. మొదటిసారి సర్వర్ డౌన్, రెండోసారి సార్ లీవ్, మూడోసారి మా ఆయన సంతకం స్కాన్ కాపీ చెల్లదన్నారు, ఒరిజినల్ కొరియర్‌లో తెప్పించాను. నాలుగోసారి అక్కడి గుమస్తా గారు కంప్యూటర్ నా వైపు తిప్పి, "అమ్మా, ఒక్కో అక్షరం నువ్వే చదువు, మళ్ళీ రాకు" అన్నారు. లలిత అక్క పరీక్షలాగా పైకి చదివాను, నాన్న పేరుతో సహా. ఇప్పుడు గొల్లపూడి వెంకట నాగ సాయి శ్రావణి.

ఆన్‌లైన్ పోర్టల్‌లో అకౌంట్ తెరిచి అన్నీ అప్‌లోడ్ చేస్తున్నాను. మా ఆయన కాంట్రాక్టు, మూడు నెలల జీతం స్లిప్పులు, బ్లూ కార్డ్ రెండు వైపులా, ఆయన పాస్‌పోర్టు, ఇంటి అగ్రిమెంట్, అక్కడి అడ్రస్ రిజిస్ట్రేషన్. పెళ్ళి ఫోటోలు పెట్టాలా?

కొండయ్య_వెయిటింగ్
నేను అవతలి పక్క మనిషిని, అంటే భర్తని. మా ఆవిడ వైజాగ్‌లో, నేను ఇక్కడ, ఏడు నెలలు. ఫోటోలు మేమూ ఓ నాలుగు పెట్టాం, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, ఎవరూ వాటి గురించి మాట్లాడలేదు. పెట్టినా నష్టం లేదు.

పోర్టల్ గురించి నాకు తెలిసింది: నువ్వు పెట్టగానే అయిపోదు. కాన్సులేట్ వాళ్ళు ముందు కాగితాలు అన్నీ ఉన్నాయా లేదా చూస్తారు, లేకపోతే అడుగుతారు, సరిపోతేనే అపాయింట్‌మెంట్ తీసుకోమంటారు. ఆ రోజు ఒరిజినల్స్, ఫోటోలు, వేలిముద్రలు, ఫీజు 75 యూరోలు రూపాయల్లో, వీసా కాగితాలు తీసుకునే వీఎఫ్ఎస్ కంపెనీ సర్వీస్ చార్జీ విడిగా. ఆ తర్వాత నీ ఫైలు ఇక్కడ మీ ఆయన ఉండే ఊరి ఆస్లెండర్‌బెహోర్డేకి, అంటే విదేశీయుల పర్మిట్లు చూసే ఆఫీసుకి వెళ్తుంది, మేం ఏబీహెచ్ అంటాం. వాళ్ళు సరే అంటేనే అక్కడ స్టాంపు. చాలామంది కాన్సులేట్‌కి రోజూ మెయిల్ కొడుతుంటారు, ఫైలు మాత్రం ఇక్కడ ఎవరి బల్ల మీదో ఉంటుంది.

రాజమండ్రి_రవి
రిజెక్ట్ అయితే భయపడకండి, అప్పీల్ లెటర్ రాస్తే మళ్ళీ చూస్తారు. నా ఫ్రెండ్‌కి అలాగే వచ్చింది.

మ్యూనిక్_మామ
రవీ, మీ ఫ్రెండ్‌కి వచ్చినప్పుడు ఉండేది. 2025 జులై 1 నుంచి ఆ పద్ధతి తీసేశారు. ఇప్పుడు రిజెక్ట్ అయితే మళ్ళీ కొత్తగా అప్లై చేసుకోవాలి, లేదా బెర్లిన్‌లో కోర్టుకి వెళ్ళాలి. అందుకే మొదటిసారే ఫైలు శుభ్రంగా ఉండాలని ఇంత గొడవ చేస్తున్నా.

రాజమండ్రి_రవి
ఓకే మామా. తెలియదు 🙂

శ్రావణి_జి (మరో మూడు నెలల తర్వాత)
బయోమెట్రిక్ అయి పదకొండు వారాలు. ఏ కబురూ లేదు. నాతో పాటు అదే వారం వేలిముద్రలు ఇచ్చిన ఇంకో అమ్మాయికి వచ్చేసింది కూడా. ఇంట్లో ఫోన్ మోగితే చాలు అందరూ నా మొహం చూస్తున్నారు. పక్కింటి ఆంటీ నిన్న "ఇంకా ఇక్కడే ఉన్నావే" అంది. ఇంకా ఇక్కడే ఉన్నాను ఆంటీ.

కాన్సులేట్‌కి ఒకసారి రాశాను, ఏబీహెచ్ జవాబు కోసం చూస్తున్నామని మర్యాదగా రిప్లై ఇచ్చారు. మా ఆయనకి అక్కడ నుంచి ఏమీ రాలేదంటున్నారు.

కొండయ్య_వెయిటింగ్
ఒక్క ప్రశ్న. మీ ఆయన పోస్ట్ డబ్బా మీద ఆయన పేరు ఉందా?

శ్రావణి_జి
అంటే?

కొండయ్య_వెయిటింగ్
ఇక్కడ అడ్రస్‌లో ఫ్లాట్ నంబర్ ఉండదు శ్రావణి గారూ. వీధి, ఇంటి నంబర్, అంతే. ఒకే ఇంట్లో పన్నెండు కుటుంబాలు ఉంటే కింద పన్నెండు డబ్బాలు, పన్నెండు కాలింగ్ బెల్లు, వాటి మీద ఇంటిపేర్లు. పోస్ట్‌మ్యాన్ ఆ ఇంటిపేరు చూసి వేస్తాడు. పేరు లేకపోతే తిరిగి వెళ్ళిపోతుంది, మీ ఆయన పై అంతస్తులో కూర్చుని ఉన్నా సరే. ఏబీహెచ్ వాళ్ళు మాట్లాడేది ఎక్కువగా ఉత్తరాల్లోనే. నాకు రెండు నెలలు పోయింది ఇలా. అందుకే అడుగుతున్నా.

శ్రావణి_జి (అదే రోజు రాత్రి)
వీడియో కాల్‌లో కిందికి వెళ్ళి చూపించమన్నాను. డబ్బా మీద "స్నైడర్" అని ఉంది!!! అసలు కిరాయిదారుడు ఆయన, మా ఆయన ఆయన దగ్గర నుంచి తీసుకున్నారు. స్నైడర్ గారు ఏడాదిగా వేరే ఊళ్ళో. "మరి నీ బ్యాంకు ఉత్తరాలు?" అని అడిగితే "అన్నీ యాప్‌లోనే వస్తాయి కదా" అంటారు. మా ఆయన ఇంటిపేరు నాకు సర్టిఫికెట్‌లో అడక్కుండా తగిలించారు, ఆయన డబ్బాకి మాత్రం లేదు.

లలిత_డ్యూసెల్
🤣🤣 క్షమించు తల్లీ, నవ్వు ఆగలేదు.

మ్యూనిక్_మామ
రేపు పొద్దున్నే ఏబీహెచ్‌కి మెయిల్ పెట్టమను, జర్మన్‌లో, రెండే రెండు వాక్యాలు: ఫలానా అప్లికేషన్ విషయంలో మీరు పంపిన ఉత్తరం అందలేదేమో, దయచేసి ఈమెయిల్‌లో పంపండి. పైన నీ పేరు, నీ పుట్టిన తేదీ, అప్లికేషన్ నంబరు. ఫోన్ కూడా చేయమను. డబ్బా మీద పేరు ఈ రాత్రికే అంటించాలి. అది కాగితమైనా సరే, టేపు వేసి.

ఇంకోటి. స్నైడర్ గారి దగ్గర నుంచి తీసుకున్నారంటున్నావు. నువ్వు వచ్చిన రెండు వారాల్లో నీ అడ్రస్ రిజిస్టర్ చేయించాలి, దానికి ఇల్లు ఇచ్చినవాళ్ళు సంతకం పెట్టిన కాగితం కావాలి. భార్య వచ్చి ఉండటానికి ఆయనా, అసలు ఓనరూ ఒప్పుకుంటారా అని ఇప్పుడే అడగమను. నువ్వు దిగాక వెతుక్కోవడం కాదు.

శ్రావణి_జి (అయిదు వారాల తర్వాత)
వచ్చింది.

మెయిల్ పెట్టిన నాలుగో రోజు ఏబీహెచ్ నుంచి జవాబు. ఉత్తరం నిజంగానే వెనక్కి వెళ్ళిందట. అడిగింది ఏంటో తెలుసా, కొత్త జీతం స్లిప్పులు, ఇన్సూరెన్స్ వాళ్ళ లెటర్. అంతే. మా ఆయన ఆ సాయంత్రమే పంపేశారు. నిన్న పాస్‌పోర్టు చేతికొచ్చింది. కవరు మా నాన్న చింపారు. వీసా పేజీ మీద నా పేరు మొత్తం చదివి, గొల్లపూడి దగ్గర వేలు పెట్టి ఒక నిమిషం అలా ఉండిపోయారు. అత్తగారు ఫోన్‌లో "డేట్లు సరిగ్గా ఉన్నాయా చూడమ్మా" అన్నారు, పేరు ఊసే ఎత్తలేదు.

స్నైడర్ గారు ఒప్పుకున్నారు, ఓనర్ సంతకం కూడా అయింది. ట్రావెల్ ఇన్సూరెన్స్ దిగే రోజు నుంచి తీసుకున్నాను, తర్వాత మా ఆయన ఇన్సూరెన్స్‌లో చేరుస్తారట, నాకు జీతం లేనన్నాళ్ళూ విడిగా కట్టక్కర్లేదు కదా?

హనుమకొండ_అమ్మాయి
కంగ్రాట్స్!!! ప్రభుత్వ ఇన్సూరెన్స్ అయితే అక్కర్లేదు. నువ్వు ఉద్యోగం కూడా చేసుకోవచ్చు, స్పౌస్ పర్మిట్ మీద ప్రత్యేకంగా అనుమతి అడగనక్కర్లేదు. వీసా గడువు అయ్యేలోపు ఏబీహెచ్‌లో రెసిడెన్స్ పర్మిట్‌కి అప్లై చెయ్యి, అపాయింట్‌మెంట్లు ఆలస్యంగా దొరుకుతాయి, దిగిన వారంలోనే రాసి పడెయ్.

అన్నపూర్ణమ్మ_టీచర్
శుభం తల్లీ. ఆవకాయ తీసుకెళ్ళేటప్పుడు నూనె కారకుండా రెండు కవర్లు వెయ్యి.

కొండయ్య_వెయిటింగ్
శుభాకాంక్షలు. మా ఆవిడది కూడా పోయిన సోమవారం వచ్చింది, చెప్పడం మర్చిపోయాను. యూజర్‌నేమ్ మార్చుకోవడం ఎలాగో మోడరేటర్ గారు చెప్తారా?

డబ్బా మీద ఇప్పుడు ఏం రాయిస్తున్నారు?

శ్రావణి_జి
గొల్లపూడి / వంకాయలపాటి. చిన్న అక్షరాల్లో వేస్తే గానీ పట్టలేదట. కింద స్నైడర్ అలాగే ఉంచారు.